బుట్ట చేతులు మళ్ళీ ఎలా వచ్చాయంటే

"పాతకాలం ఫ్యాషన్లు వాటంతట అవే తిరిగొస్తాయా, ఎవరైనా పనిగట్టుకుని తెస్తారా?" అని అడిగారు. తెనాలిలో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. నేను చూసినంతవరకు, ఎవరో తెస్తేనే వస్తాయి.

2018 మే నెలలో, నటి సావిత్రి జీవితం మీద తీసిన మహానటి సినిమా వచ్చింది. పది రోజులు తిరక్కుండానే, ఆది జాకెట్టుతో పాటు ఫోన్లో ఫొటో కూడా పట్టుకొచ్చే ఆడపిల్లలు మొదలయ్యారు. "ఆంటీ, సావిత్రి చేతులు కావాలి" అని. అంతకుముందు ఏడాది మొత్తం మీద నేను కుట్టిన బుట్ట చేతులు రెండో మూడో, అవీ చిన్నపిల్లల గౌన్లకే. ఆ ఎండాకాలం నలభై దాకా కుట్టాను.

ఆ సినిమాలో బట్టల మీద చాలా శ్రద్ధ పెట్టారు, దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. నా బాధ సినిమాతో కాదు. సినిమా ఒక్కటే అయితే అది థియేటర్లోంచి పోగానే మోజూ పోయేది. పోనివ్వలేదు. షాపు ముందు బొమ్మకు బుట్ట చేతులు తొడిగి "రెట్రో" అని చీటీ పెట్టారు. ఫోన్లో అలాంటి జాకెట్టు ఒకటి కాస్త ఆగి చూస్తే చాలు, మర్నాటికల్లా పది కనిపించేవి. టీవీలో యాంకర్లు వేసుకున్నారు. పెళ్ళి ఫొటోలవాళ్ళు "పాతకాలం థీమ్" అని వేరే రేటు చెప్పారు. శ్రావణమాసం వచ్చేసరికి రెడీమేడ్ జాకెట్లూ దిగాయి. కొన్న పిల్లల్లో ఆ కాలం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళకు లేని జ్ఞాపకాన్ని వాళ్ళకే అమ్మారు.

మా అమ్మ పెళ్ళి 1964లో. ఆవిడ ట్రంకు పెట్టెలో, కలరా ఉండల వాసనతో అప్పటి బుట్ట చేతుల జాకెట్టు ఒకటుంటే, ఎలా కుట్టారో చూద్దామని ఒక చెయ్యి మాత్రం విప్పాను. లోపల కాన్వాస్ లేదు, నెట్ లేదు. పల్చటి నూలు గుడ్డే. భుజం దగ్గర సన్నటి కుచ్చులు చేత్తో పోగేసి కుట్టారు, అందుకే ఆ బుట్ట నిక్కబొడుచుకోకుండా మెత్తగా నిలబడింది. పక్కల్లో రెండేసి వేళ్ళ గుడ్డ లోపలికి వదిలారు. ఒళ్ళు వచ్చినప్పుడల్లా ఒక కుట్టు విప్పుకున్న గుర్తులు మూడు వరసలు కనిపించాయి. పది పన్నెండేళ్ళు వేసుకుందట. మార్కెట్లోకి వచ్చిన రెడీమేడ్ వాటిలో అరవేలు గుడ్డ కూడా వదల్లేదు. ఫొటోలో చెయ్యి కనిపిస్తుంది, లోపల వదిలిన గుడ్డ కనిపించదు కదా! కెమెరాకు కనిపించేదే తిరిగొచ్చింది, మిగతాది రాలేదు. చీరల్లోనూ ఇంతే. నేత గళ్ళ చీర చూపించి మోజు పుట్టించారు, కౌంటర్ మీద పరిచింది మాత్రం చాలాచోట్ల మరమగ్గం నకలు.

"మీ రోజుల్లో ఎలా వచ్చిందమ్మా?" అని అడిగితే, "మాకూ సినిమా చూసే వచ్చిందిలే. సావిత్రిది మన జిల్లా చిర్రావూరే కదా, ఆవిడ వేసుకుందంటే మేమూ కుట్టించుకున్నాం" అంది. నిజమే, అప్పుడూ తెచ్చింది సినిమాయే. కాకపోతే కుట్టినవాడు అది పదేళ్ళు ఉండాలని కుట్టాడు.

అందుకే, పాత మోడల్ కావాలని ఎవరొచ్చినా ముందు ఇంట్లో అమ్మమ్మ, నానమ్మల పెట్టె వెతికి ఏదైనా దొరికితే తెమ్మంటాను. అమ్మ జాకెట్టు చేతిని అట్టమీద గీసి కత్తిరించుకున్న ఫారం ఇప్పటికీ నా కుట్టుమిషన్ పక్కనే మేకుకు వేలాడుతోంది. బుట్ట చేతులు అడిగినవాళ్ళకు దానితోనే కత్తిరిస్తాను, పక్కన రెండు వేళ్ళు వదిలి.