పాఠకుల ప్రశ్నలు: స్టేబుల్ లినక్స్, కొత్త ల్యాప్‌టాప్

ప్రశ్న: ఈ మధ్యనే మార్కెట్లోకి వచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి కొని, డెబియన్ 13 స్టేబుల్ (పూర్తిగా పరీక్షించి విడుదల చేసిన లినక్స్) ఎక్కించుకున్నాను. వై-ఫై అసలు కనిపించడం లేదు. శబ్దం అమరికల్లో స్పీకరుకు బదులు ‘డమ్మీ అవుట్‌పుట్’ అని వస్తోంది. టెస్టింగ్ రిపాజిటరీని, అంటే తరువాతి విడుదల కోసం ఇంకా పరీక్షలో ఉన్న ప్యాకేజీల నిల్వను, జతచేసి అక్కడి ప్యాకేజీలు తెచ్చుకోమని కొందరు, స్టేబుల్‌నే వదిలేయమని మరికొందరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ రెండింటిలో ఏదీ అక్కర్లేదు. డెబియన్ 13 విడుదలైంది 2025 ఆగస్టులోనే అయినా, అందులోని 6.12 కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ కేంద్రభాగం) 2024 నవంబరు నాటిది. ఆ కెర్నల్‌కు భద్రతా సవరణలూ లోపాల దిద్దుబాట్లూ వస్తూనే ఉంటాయి కానీ, ఆ తరువాత తయారైన చిప్‌ల డ్రైవర్లు అందులో పెద్దగా చేరవు. కాబట్టి మార్చవలసింది కెర్నల్, ఫర్మ్‌వేర్ మాత్రమే. తక్కిన వ్యవస్థను ముట్టుకోనవసరం లేదు.

అయితే ముందు లోపించింది డ్రైవరా, ఫర్మ్‌వేరా అన్నది తేల్చుకోవాలి. పరికరాన్ని నడిపించే డ్రైవర్ కెర్నల్‌లో భాగం, మాడ్యూల్ అన్నా అదే. ఫర్మ్‌వేర్ అనేది ఆ డ్రైవర్ చిప్‌లోకి ఎక్కించే ఫైలు, అది వేరే ప్యాకేజీలో వస్తుంది. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌పీసీఐ’ కమాండును ‘ఎన్ఎన్‌కే’ ఐచ్ఛికంతో నడిపి, వై-ఫై పరికరం పేరు కింది వరుసలు చూడండి. ‘కెర్నల్ మాడ్యూల్స్’ అనే వరుసే లేకపోతే ఆ పరికరం మీ కెర్నల్‌కు తెలియదన్నమాట. మాడ్యూల్ పేరు ఉండి కూడా పరికరం పనిచేయకపోతే అనుమానించవలసింది ఫర్మ్‌వేర్‌నే. ‘డ్రైవర్ ఇన్ యూజ్’ వరుస ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు, ఎందుకంటే ఫర్మ్‌వేర్ దొరకనప్పుడు కొన్ని డ్రైవర్లు పరికరాన్ని వదిలేస్తాయి, అప్పుడు ఆ వరుస కూడా మాయమవుతుంది.

ఫర్మ్‌వేర్ లేదని తెలిపే గుర్తు కెర్నల్ సందేశాల్లో, అంటే ‘డీమెస్‌జీ’ చూపించే వాటిలో, ఉంటుంది: ఫలానా ఫైలును ఎక్కించలేకపోయాను, లోపం సంఖ్య మైనస్ 2 అని. ఆ సంఖ్యకు అర్థం ఫైలు లేదనే. కానీ ఇంటెల్ వై-ఫై డ్రైవర్ పెద్ద సంఖ్య గల ఫైలుతో మొదలుపెట్టి, దొరికేదాకా ఒక్కొక్కటిగా కిందికి దిగుతుంది కనుక, ఇలాంటి వరుసలు నాలుగైదు కనిపించి చివరికి ఏదో ఒక ఫైలు ఎక్కితే కంగారు పడనక్కర్లేదు. ‘యోయో’ అనే పేరున్న ఫైలు గురించిన ఫిర్యాదును పూర్తిగా విస్మరించవచ్చు; దాని వెంటపడి గంటలు వృథా చేసుకున్నవారు చాలామందే ఉన్నారు.

2022లో జరిగిన ఓటింగు తరువాత, డెబియన్ 12 నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఉంటోంది, దానికోసం ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే ప్రత్యేక విభాగమూ ఏర్పడింది. ప్యాకేజీలు తెచ్చిపెట్టే సాధనమైన ఆప్ట్ మూలాల జాబితాలో ఆ పదం ఉందో లేదో చూడండి. ఇంటెల్ వై-ఫైకి ‘ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై’, ఏఎండీ గ్రాఫిక్స్‌కు ‘ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్’ ప్యాకేజీలు అవసరం. డమ్మీ అవుట్‌పుట్ విషయానికొస్తే, ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో దానికి తరచుగా కారణమయ్యేది ‘ఫర్మ్‌వేర్-ఎస్ఓఎఫ్-సైన్డ్’ లేకపోవడం.

కెర్నలే పాతదని తేలితే ‘ట్రిక్సీ-బ్యాక్‌పోర్ట్స్’ రిపాజిటరీని జతచేయండి. ట్రిక్సీ అంటే డెబియన్ 13 మారుపేరు, బ్యాక్‌పోర్ట్స్ అంటే కొత్త ప్యాకేజీలను స్టేబుల్‌కు తగినట్లు మళ్ళీ నిర్మించి ఉంచే చోటు. దానికి ఆప్ట్ ఇచ్చే ప్రాధాన్యం 100, స్టేబుల్‌కు ఇచ్చేది 500. అందువల్ల మీరు పేరు పెట్టి అడిగితే తప్ప అక్కడి నుంచి ఏదీ దానంతట అది రాదు. ‘టీ’ ఐచ్ఛికంతో ఆ రిపాజిటరీని సూచించి, ‘లినక్స్-ఇమేజ్-ఏఎండీ64’ను, దానితోపాటే సంబంధిత ఫర్మ్‌వేర్ ప్యాకేజీలను తెచ్చుకోండి, కొత్త కెర్నల్ కొత్త ఫర్మ్‌వేర్‌నే అడగవచ్చు. అవునని చెప్పేముందు ఆప్ట్ చూపించే జాబితాను ఒకసారి చదవండి. వై-ఫై లేకుండా ఇదంతా ఎలాగంటారా? ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెడితే చాలు. పాత కెర్నల్ బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో అలాగే ఉంటుంది కనుక, కొత్తది మొరాయిస్తే దానిలోకే తిరిగి రావచ్చు. ఒక్క లోటు ఏమిటంటే, బ్యాక్‌పోర్ట్స్ ప్యాకేజీల బాధ్యత డెబియన్ భద్రతా బృందానిది కాదు.

టెస్టింగ్ సలహాను మాత్రం పక్కన పెట్టండి. అక్కడి ప్యాకేజీలు కొత్త సీ లైబ్రరీ (దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడేది) మీద నిర్మితమవుతాయి. ఒక్క ప్యాకేజీ కోసం వెళితే ఆ లైబ్రరీ, దాని వెనుక మరికొన్ని వచ్చి, మీ వ్యవస్థ అటు స్టేబుల్, ఇటు టెస్టింగ్ రెండూ కాకుండా పోతుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది రియల్‌టెక్ 8852బీఈ వై-ఫై. డెబియన్ 12లో ఉండగా బయటి నుంచి మూలకోడ్ తెచ్చి డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్లను మళ్ళీ నిర్మించే సాధనం) డ్రైవర్ నిర్మించుకున్నాను. డెబియన్ 13కు మారాక వై-ఫై పోయింది. మళ్ళీ నిర్మించుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. ఈ చిప్‌కు మద్దతు 6.2 కెర్నల్‌లో చేరింది. డెబియన్ 12లో ఉన్న 6.1కు అది కొద్దిలో తప్పిపోయింది. ఇప్పుడు మీ కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది. ముందు డీకేఎంఎస్ నుంచి పాత మాడ్యూల్‌ను తొలగించండి. ఆ తరువాత ‘మోడ్‌ప్రోబ్.డీ’ డైరెక్టరీలో అప్పట్లో పెట్టిన బ్లాక్‌లిస్ట్ ఫైలు ఏదైనా మిగిలి ఉందేమో వెదకండి, ఎందుకంటే బయటి డ్రైవర్‌కు అడ్డు రాకూడదని పెట్టిన ఆ ఫైలే ఇప్పుడు అసలు డ్రైవర్‌ను ఆపుతూ ఉండవచ్చు. ‘ఫర్మ్‌వేర్-రియల్‌టెక్’ వేసి, యంత్రాన్ని మళ్ళీ బూట్ చేయండి.

మరేదైనా పరికరానికి బయటి మాడ్యూల్ తప్పనిసరైతే, నడుస్తున్న కెర్నల్‌కు సరిపోయే హెడర్ల ప్యాకేజీ (మాడ్యూల్ నిర్మించడానికి కావలసిన ఫైళ్లు) కూడా కావాలి. ‘కీ వాజ్ రిజెక్టెడ్’ అన్న సందేశం వస్తే అడ్డుపడుతున్నది సెక్యూర్ బూట్ (నమ్మదగిన కీతో సంతకం లేని కోడ్‌ను ఆపే రక్షణ): డీకేఎంఎస్ సృష్టించిన కీని ‘ఎంఓకేయుటిల్’తో నమోదుకు పంపి, తరువాతి బూట్‌లో వచ్చే తెరపై ఆమోదించాలి. ఆ తెరపై అడిగేది మీరు అప్పుడే పెట్టుకున్న తాత్కాలిక పాస్‌వర్డ్, లాగిన్ పాస్‌వర్డ్ కాదు.

ప్రశ్న: బ్యాటరీ ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపడానికి ఏ ప్యాకేజీ వేసుకోవాలి?

జవాబు: ముందుగా ‘సిస్/క్లాస్/పవర్_సప్లై’ కింద మీ బ్యాటరీ డైరెక్టరీలో ‘ఛార్జ్_కంట్రోల్_ఎండ్_థ్రెషోల్డ్’ అనే ఫైలు ఉందేమో చూడండి. ఉంటే రూట్ హక్కులతో అందులో 80 అని రాస్తే చాలు, ఏ ప్యాకేజీ లేకుండానే పని జరుగుతుంది. రీబూట్ తరువాత ఆ విలువ నిలవకపోతే విద్యుత్ అమరికలు చూసుకునే టీఎల్‌పీ ప్యాకేజీ ఉపయోగపడుతుంది. అయితే టీఎల్‌పీ, విద్యుత్ వాడకాన్నే నియంత్రించే పవర్-ప్రొఫైల్స్-డీమన్ ఒకే యంత్రంలో కలిసి నడవకూడదు. ఆ ఫైలే లేకపోతే బయాస్ అమరికల్లో ఈ సదుపాయం ఉందేమో చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అక్కడ ఉంటుంది.