ఇస్లాం గురించి కాలేజీలో చదివితే అభిప్రాయాలు మారతాయా?

ఇస్లాం గురించి, ఇప్పటి ముస్లింల సమస్యల గురించి చదువుకున్నాక మీలో ఏం మారిందని అడిగారు. ఎమ్మే హిస్టరీలో ఒక సెమిస్టర్ ఆ పేపర్ చదివాను కాబట్టి చెప్తున్నా. పేపర్ వల్ల మారింది తక్కువే. మా రూమ్మేట్ వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, వల్ల మారింది ఎక్కువ.

మావాడిది అనంతపురం వైపు. దూదేకుల వాళ్లు, అంటే దూది ఏకడం కులవృత్తిగా ఉన్న తెలుగు ముస్లింలు. ఇంట్లో తెలుగే. ఉర్దూ నాకెంత వచ్చో వాడికీ అంతే వచ్చు. అయినా క్లాసులో సార్ ఏదైనా ఉర్దూ షేర్ (రెండు పాదాల కవిత) చదివితే, అర్థం చెప్పమన్నట్టు వాడివైపే చూసేవారు. వాడు నావైపు చూసేవాడు. సిలబస్ కూడా అలాగే ఉండేది. 622 హిజ్రత్ (ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వెళ్లడం), 680 కర్బలా యుద్ధం, ఆ తర్వాత కొన్ని పేజీల్లో ఢిల్లీ సుల్తానులు, అక్కణ్నుంచి ఒక్క గెంతులో 1985 షాబానో భరణం కేసు, 2017లో ట్రిపుల్ తలాక్ తీర్పు. ముస్లింల స్థితిగతుల మీద 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు రెండు మార్కుల ప్రశ్న. తెలుగు ముస్లింల ఊసే లేదు. "తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా" అనే సామెతను వాడి ముందే ఎన్నిసార్లు వాడానో! వాడు ఒక్కసారీ ఏమీ అనలేదు. అది తిట్టని నాకు రెండేళ్ల దాకా తట్టలేదు.

2024 జులైలో మొహర్రంకి వాడితో గూగూడు వెళ్లాను. నార్పల మండలంలో ఉంటుంది, కుళ్లాయిస్వామి పీరు (మొహర్రంలో నిలబెట్టి మొక్కే లోహపు చిహ్నం) అక్కడ. ఆ చుట్టుపక్కల హిందువుల ఇళ్లలో కూడా కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు ఉంటారు, ఆ స్వామికి మొక్కుకుని పుట్టినవాళ్లన్నమాట. అగ్నిగుండం చుట్టూ జనం, ఊదు పొగ, చెవులు పగిలేలా డప్పులు. జేజి కొంగులో చక్కెర పొట్లం. చదివింపులు (పీరు దగ్గర చక్కెర పెట్టి ఖురాన్ వాక్యాలు చదివించడం) చేయించాలని పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

రాత్రి ఇంట్లో గొడవ మొదలైంది. మావాడి అన్న కువైట్‌లో నాలుగేళ్లు డ్రైవర్‌గా చేసి వచ్చాడు. ఇదంతా షిర్క్, అల్లాకు సాటి కల్పించడం అంటాడు. జేజి చేట పక్కన పెట్టి, "నాలుగేండ్లు అరబ్బోళ్ల కారు తోలొచ్చి నాకు దేవున్ని చూపిస్తాండావా నాయనా?" అంది.

నేను జేజి పార్టీ. పుస్తకాల్లో "మతసామరస్యానికి ప్రతీక" అని రాస్తారే, అది కళ్ల ముందు కనబడుతుంటే ఎవరు మాత్రం కారు? కానీ మేడ మీద పడుకున్నప్పుడు అన్న చెప్పింది వేరు. వాడు తెలుగు ఖురాన్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. "జేజికి ఆ చదివింపుల్లో ఒక్క ముక్క అర్థం తెలీదు. నాకు తెలుసుకోవాలని ఉండదా?" అన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు. "ఊర్లో మేము దూదేకులోళ్లం, సగం సాయిబులం. టౌన్‌లో ఇల్లు అద్దెకు అడిగితే మాత్రం పూర్తి సాయిబులం."

అది నిజమని నాకు తెలుసు. హైదరాబాద్‌లో మేమిద్దరం రూమ్ వెతికినప్పుడు ఒక ఓనరమ్మ కాఫీ ఇచ్చింది, మోటారు ఎప్పుడు వేస్తారో చెప్పింది, అడ్వాన్స్ దాకా మాట్లాడింది. ఆధార్ కార్డులు ఇచ్చాం. కార్డు తిప్పి చూసి, "మా చెల్లెలి కొడుకు వస్తానన్నాడు బాబూ, మర్చిపోయా" అంది. ఆ టు-లెట్ బోర్డు ఇంకో నెల రోజులు వేలాడుతూనే ఉంది. దూదేకుల వాళ్లు వెనుకబడిన కులాల్లో బీసీ-బిలో ఉన్నారని, 2007లో మరికొన్ని ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారని నేను పరీక్షలో రాయగలను. ఆ ఓనరమ్మకి అవన్నీ ఎందుకు? పేరు చాలు.

టీవీ చర్చల్లో నాకు మంట ఇక్కడే. ఒక గడ్డం ఆయన్ని, ఒక లాయర్‌ని కూర్చోబెట్టి "ముస్లింలు ఏమంటారు?" అని అడుగుతారు. ఆ ఒక్క ఇంట్లోనే ముగ్గురు మూడు మాటలు అంటున్నారు. మూడో మాట మావాడిది: "నన్ను పడుకోనివ్వండి."

ఇదంతా అసైన్‌మెంట్‌లో రాస్తే 20కి 9 వేసి, "సిలబస్‌లో లేదు" అని ఎర్ర ఇంకుతో రాశారు. సరే.

ఆ రాత్రి గొడవ అయ్యాక, మర్నాడు జేజిని మళ్లీ గూగూడు తీసుకెళ్లింది ఆ అన్నే. లోపలికి రానని ముందే చెప్పి, దూరంగా బండి మీదే కూర్చున్నాడు. రెండు గంటలు ఎండలో. జేజి వచ్చి చక్కెర పెట్టబోతే చెయ్యి చాపలేదు. ఆమె ఏమీ అనకుండా పొట్లం కట్టి వాడి చొక్కా జేబులో వేసింది. వాడు తీసి పారెయ్యలేదు. బండి స్టార్ట్ చేసి, "గట్టిగా పట్టుకో జేజీ" అన్నాడు.