బెంగళూరు జీతంతో అనంతపురం కాపురం: లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నా వయసు 38. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 1,42,000 వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 24,000. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 40,000. బాబు 7వ తరగతి, పాప 2వ తరగతి. ఇద్దరి ఫీజులు, స్కూలు బస్సు కలిపి ఏడాదికి 4 లక్షలు. కారు లోను కంతు 14,500, ఇంకా రెండేళ్లుంది. నెలాఖరుకు 15,000 మిగిలితే గొప్ప. బ్యాంకులో 2 లక్షలు, ఇంటి ఓనరు దగ్గర 2 లక్షల అడ్వాన్సు ఉన్నాయి. ఊళ్లో అమ్మానాన్నల ఇంటి మేడ ఖాళీగా ఉంది, రిపేర్లకు 3 లక్షలు కావాలి. పదిహేను రోజులకోసారి ఆఫీసుకు వస్తే చాలని మేనేజరు అన్నాడు. జూన్‌కు వచ్చేస్తే నెలకు 90,000 మిగులుతుందని నా లెక్క. ఆ ధైర్యంతో బావమరిది చూపిస్తున్న 40 లక్షల ప్లాటు కూడా కొందామనుకుంటున్నాను. నా లెక్కల కాగితం జత చేశాను. సరైన నిర్ణయమేనా?

జవాబు: రండి. ప్లాటు మాత్రం ఇప్పుడే వద్దు.

ముందు ఆ 90,000 సంగతి. మీ కాగితంలో అద్దె, ఫీజులు బాగానే వేశారు. మీ శ్రీమతి జీతం మాత్రం అదే 24,000 రాసుకున్నారు. అనంతపురంలో ప్రైవేటు స్కూళ్లు టీచర్లకు ఇచ్చేది మీకు తెలియనిది కాదు. 12,000 వేసుకోండి. ఇంటి సరుకులు 30,000 నుంచి 20,000కు తగ్గుతాయని రాశారు. ఎలా? బియ్యం, నూనె, పప్పు ధరలు ఊరు మారితే పెద్దగా మారవు. పైగా నలుగురి వంట ఆరుగురికి అవుతుంది. మీరు అమ్మానాన్నలకు నెలనెలా పంపుతున్న 10,000 ఆగిపోయినట్టు కనిపిస్తుంది కానీ, అది సరుకుల్లోనూ మందుల్లోనూ కలుస్తుంది. జీతం, సరుకులు ఈ రెండూ సరిచేస్తే నెలకు ఖర్చు 86,000, మిగులు 68,000.

90 కాకపోయినా 68 తక్కువేం కాదు. ఇప్పటికంటే నెలకు 53,000 ఎక్కువ, ఏడాదికి 6 లక్షల పైమాట. పొదుపుగా ఉండి బెంగళూరులో ఇంత మిగల్చలేరు. మీ ఖర్చులో దుబారా నాకేమీ కనిపించలేదు. అద్దె, ఫీజులు రెండే మీ ఆదాయంలో 40 శాతానికి పైగా తినేస్తున్నాయి.

అయితే ఈ 68,000 మొత్తం మీ మేనేజరు నోటి మాట మీద నిలబడి ఉంది. మేనేజరు మాట ఆ మేనేజరు ఆ సీట్లో ఉన్నన్నాళ్లే. హెచ్‌ఆర్ నుంచి మెయిల్ తెప్పించుకోండి. పని చేసే చోటు అనంతపురం అని అందులో ఉండాలి. ఊరు మారితే జీతం తగ్గిస్తారా, వెనక్కి పిలిస్తే ఎన్నాళ్ల ముందు చెబుతారు అనేవి కూడా రాతలో ఉండాలి.

ఒకవేళ వారమంతా ఆఫీసుకు రమ్మన్నారే అనుకుందాం. పీజీకి 14,000, తిండికి, వారం వారం రాకపోకలకు ఇంకో 10,000 వేసినా నెలకు 44,000 మిగులుతుంది. ఇప్పుడు మిగిలే దానికి దాదాపు మూడింతలు. బెంగళూరు ఇక్కడికి 200 కిలోమీటర్ల పైచిలుకు, 44వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా వెళ్లిపోవచ్చు. ఆదివారం రాత్రి బస్సెక్కి శుక్రవారం రాత్రి ఇంటికొచ్చే బతుకు సుఖమని అనను, కానీ చేయగలిగినదే. ఇదే ప్రశ్న కర్నూలు నుంచి వచ్చి ఉంటే ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు. అక్కడి నుంచి దూరం 350 కిలోమీటర్ల పైనే.

అసలు దెబ్బ ఉద్యోగమే పోతే తగులుతుంది. మీ జీతానికి తగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనంతపురంలో దొరకదు. వెతుకులాట నెలల తరబడి సాగవచ్చు. అందుకే ఎనిమిది నెలల ఖర్చు, అంటే సుమారు 7 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పక్కన పడాలి. బ్యాంకులో 2 లక్షలున్నాయి. ఓనరు రంగుల పేరుతో ఒక నెల అద్దె పట్టుకున్నా ఇంకో లక్షా అరవై వేలు వస్తుంది. మిగతాది ఊరికొచ్చాక ఐదు నెలల మిగులుతో నిండుతుంది. తర్వాత మేడ రిపేర్లు. వంటగది, బాత్రూము మాత్రం ముందే చేయించండి, రంగులకు తొందరేం లేదు. మొదటి ఏడాది చేతిలో డబ్బు ఆడదు. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

మీరు అడగనిది ఒకటుంది, నా దృష్టిలో డబ్బు లెక్క కంటే పెద్దది: మీ బాబు. ఇంజనీరింగ్ ప్రవేశాలకు రాసే ఏపీ ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులవి. లోకల్ కావాలంటే ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ ప్రాంతంలోనే చదవాలి. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. మన రాయలసీమ జిల్లాలన్నీ ఎస్వీ యూనివర్సిటీ ఏరియా కిందికి వస్తాయి. ఈ జూన్‌లో బాబు 8వ తరగతిలోకి వెళ్తాడు. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు జూన్ మీకు ఆఖరి అవకాశం. ఆ పైన ‘పదో తరగతి అయ్యాక వద్దాంలే’ అనుకుంటే ఇక్కడ వాడు నాన్‌లోకల్. కర్ణాటకలోనే ఇంజనీరింగ్ చదివించే ఉద్దేశముంటే అక్కడి నిబంధనలు వేరు, వాటిని విడిగా చూసుకోండి. ఇంకో మాట, వాడికి తెలుగు చదవడం, రాయడం వచ్చా? రాకపోతే స్టేట్ సిలబస్‌లో ఇబ్బంది పడతాడు. రెండో భాషగా హిందీ తీసుకోనిచ్చే సీబీఎస్‌ఈ స్కూలు వెతకండి.

మీ ఉత్తరంలో మీ శ్రీమతి జీతం ఉంది కానీ, ఆమె మాట ఒక్కటీ లేదు. ఇన్నేళ్లూ సొంతంగా కాపురం చేసుకున్న మనిషి అత్తగారింటికి వస్తోంది, సంపాదన సగానికి పడిపోతోంది. మేడ మీద వేరే వంటగది, వేరే గ్యాస్ కనెక్షన్ పెట్టించండి. రిపేర్ల డబ్బులో నేను ముందుగా ఖర్చు పెట్టమనేది దానికే. సరుకులు కలిపే తెచ్చుకున్నా, పొయ్యి వేరుగా ఉంటే చాలా మాటలు పుట్టవు.

జూన్ దాకా ఆగకుండా ఏప్రిల్, మే నెలల్లో వచ్చి ఉండి చూడండి. సంక్రాంతికి నాలుగు రోజులొచ్చి వెళ్తే ఊరు బాగానే అనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం రెండింటికి, మేడ పైకప్పు కాగిపోతుంటే, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద మీటింగ్‌లో కూర్చున్నప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. బోరులో నీళ్లు ఎంతవరకు వస్తున్నాయో, ఇంటర్నెట్‌కు రెండో కనెక్షన్ కావాలో కూడా అప్పుడే తేలుతుంది. బెంగళూరు అద్దె ఆ రెండు నెలలకు 80,000 దండగ అనిపిస్తుంది. నేనైతే దాన్ని పరీక్ష ఫీజు కింద రాసుకుంటాను. అన్నట్టు, బాబు, పాప స్కూలు వచ్చే ఏడాది మొదటి టర్మ్ ఫీజు వేసవికి ముందే అడుగుతుంది. కట్టాక టీసీ అడిగితే డబ్బు వెనక్కి రావడం కష్టం. అందుకే హెచ్‌ఆర్‌తో మాట ఈ వారంలోనే కదపండి.

చిన్న విషయాలు కొన్ని. ఆరోగ్య బీమాలో అడ్రసు మార్చే ముందు జోన్ గురించి అడగండి. కొన్ని పాలసీల్లో చిన్న ఊరి ప్రీమియం కట్టి బెంగళూరులో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మీరే భరించాలి. మీ నాన్నగారికి గుండె జబ్బేదైనా వస్తే మీరు పరిగెత్తేది బెంగళూరుకే కాబట్టి బెంగళూరు జోనే ఉంచుకోండి. కర్ణాటక నంబరు కారు 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే ఏపీ రిజిస్ట్రేషన్‌కు మార్చాలి, లైఫ్ ట్యాక్స్ ఇక్కడ కట్టి అక్కడి నుంచి రీఫండ్ అడగాలి. లోను ఉంది కాబట్టి బ్యాంకు ఎన్‌ఓసీ కూడా కావాలి. కొత్త పన్ను విధానంలో ఉంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు పోతుందన్న బెంగ లేదు, అందులో ఆ మినహాయింపే ఉండదు.

ఇక ప్లాటు. 40 లక్షల మీద రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 3 లక్షలు. 30 లక్షలు లోను తీసుకుంటే, 9 శాతం వడ్డీకి పదేళ్ల కంతు నెలకు 38,000. ఊరు మారినందుకు మీకు కలిసొచ్చే 53,000లో ముప్పావు భాగం అక్కడే పోతుంది. పైగా మిగతా 13 లక్షలు ఎక్కడివి? బావమరిదికి నొప్పి కలగకుండా, ‘ఏడాది ఆగి చూద్దాం బావా’ అనండి. అప్పటికీ కొనాలనిపిస్తే అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి నంబరు, ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), 30 ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం) అడగండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రేషన్ ఆఫీసులో మీరే స్వయంగా చూసుకోండి. అవి చేతికొచ్చే వరకు టోకెన్ అడ్వాన్సు పేరుతో పదివేలు కూడా ఇవ్వొద్దు.