పైకప్పు అతికించే ముందు

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కడుతున్న బొమ్మరింటి ఫోటో చూశాను. గోడలు రెండు నిలబెట్టేశావు గానీ లైట్ల పొట్లం ఇంకా విప్పినట్టు లేదు. ముందు అది విప్పు. ఒక్కో ఎల్‌ఈడీనీ 3 వోల్టుల బటన్ సెల్‌కి తాకించి చూడు. వెలగకపోతే తీగలు తిప్పి పెట్టు, ప్లస్ మైనస్ తారుమారైతే అది వెలగదు. విడి బల్బయితే పొడుగు కాలు ప్లస్.

ఒకసారి సంక్రాంతి బొమ్మల కొలువులోకి పెంకుటిల్లు చేశాను. లైట్లన్నీ వెలుగుతున్నాయి కదా అని పైకప్పు జిగురుతో బిగించేశాను. భోగి సాయంత్రానికి వంటింటి లైటు ఆరిపోయింది. వచ్చిన పిల్లలంతా ఆ చీకటి గదిలోకే తొంగిచూడటం! ఆఖరికి బ్లేడుతో కప్పు కోసి చూస్తే బల్బు బంగారంలా ఉంది. గోడ మూలలో నలిగి తీగ తెగింది, అంతే.

అందుకే తీగను మూలల్లో మడత పడేలా నొక్కకు, గుండ్రంగా తిప్పు. బిగుతుగా లాగకుండా వేలెడు వదులుంచు. ముందు టేపుతో అంటించి, లైటు వేసి చూసి, ఆ తర్వాతే జిగురు పెట్టు. ప్రతి గోడకీ ఇదే పని. ఏ తీగ ఏ గదిదో చివర కాగితం ముక్క చుట్టి రాసుకో, అన్నీ ఎరుపు నలుపే కాబట్టి తర్వాత పోల్చుకోలేవు. పైకప్పు మాత్రం అసలు అతికించకు, ఊరికే ఆనించి ఉంచు.

తీగలు కలపాల్సొస్తే స్లీవ్, అంటే అతుకు మీద కప్పే సన్నటి గొట్టం, ముందే ఎక్కించుకో. టంకం పెట్టాక గుర్తొస్తే మళ్లీ ఊడదీయాలి, నేనిప్పటికీ మర్చిపోతుంటాను. రెండు అతుకులూ పక్కపక్కన రాకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండాలి. టంకం పని బొమ్మరింటి బయటే, గది కిటికీ తీసి చెయ్యి. అక్రిలిక్ అద్దం దగ్గరికి వేడి కడ్డీ తేకు.

9 వోల్టుల బ్యాటరీ నేరుగా తగిలిస్తే ఎల్‌ఈడీ మాడిపోతుంది. తెల్లదానికి సుమారు 3 వోల్టులు చాలు. మిగిలిన 6 వోల్టుల్ని 20 మిల్లీయాంపులతో, అంటే 0.02 యాంపులతో భాగిస్తే 300 ఓములు, కరెంటును తగ్గించే రెసిస్టర్ అంతది కావాలి. దుకాణంలో 330 అడుగు. ఒక్కో బల్బుకీ ఒక్కో రెసిస్టర్, అన్నిటికీ కలిపి ఒకటి వద్దు. నన్నడిగితే 1000 ఓములే పెట్టమంటాను. చిన్న గదికి ఆ మసక వెలుతురే అందం. పసుపు ఛాయ ఉన్నవే కొను, తెల్లటివి పెడితే పడకగది కాస్తా మందుల షాపులా ఉంటుంది.

బటన్ సెల్స్ తమ్ముడి చేతికి అందనివ్వకు. వాడు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. బ్యాటరీ పెట్టెకి స్క్రూ మూత ఉన్నదే వాడు.

అన్నీ బిగించాక గంటసేపు వెలగనిచ్చి, ఇల్లు ఒకసారి మెల్లగా ఊపి చూడు. ఏ లైటైనా మినుకుమంటే కప్పు పెట్టకుండా నాకు వీడియో కాల్ చెయ్యి.

మీ పెదనాన్న