యారో ఓడ వివాదం ఏమిటి? ఒక చిన్న ఓడ కోసం యుద్ధం ఎందుకు వచ్చింది?

1856 అక్టోబరు 8న కాంటన్ (నేటి గ్వాంగ్‌జౌ) రేవులో చైనా అధికారులు 'యారో' అనే ఓడ ఎక్కి, సముద్రపు దొంగలన్న అనుమానంతో 12 మంది చైనా నావికులను పట్టుకెళ్లారు. యజమాని చైనీయుడే. కానీ ఓడ బ్రిటిష్ పాలనలోని హాంకాంగ్‌లో నమోదైంది. తమ జెండాను దించి అవమానించారని బ్రిటిష్ కాన్సల్ హ్యారీ పార్క్స్ గొడవకు దిగాడు. ఆ సమయంలో జెండాయే ఎగరడం లేదని ఆ ప్రాంతపు చైనా గవర్నర్ జనరల్ యె మింగ్‌చెన్ జవాబిచ్చాడు.

అసలు విషయం వేరే ఉంది. ఓడ నమోదు గడువు సెప్టెంబరు 27నే ముగిసింది. అంటే ఆ రోజు దానికి బ్రిటిష్ జెండా ఎగరేసే హక్కే లేదు! హాంకాంగ్ గవర్నర్ బౌరింగ్ ఈ సంగతి పార్క్స్‌కు స్వయంగా రాశాడు, చైనాకు మాత్రం చెప్పలేదు. నా దృష్టిలో ఇది పచ్చి మోసం.

అక్టోబరు 22న యె 12 మందినీ వెనక్కి పంపాడు. క్షమాపణ రాలేదని పార్క్స్ వాళ్లను తీసుకోలేదు. మర్నాడే బ్రిటిష్ నౌకాదళం కాంటన్ కోటల మీద పడింది. అదే రెండవ నల్లమందు యుద్ధానికి నాంది.

లండన్‌లోనూ దీన్ని తప్పుపట్టినవారున్నారు. 1857 మార్చిలో పార్లమెంటులో ఎంపీ రిచర్డ్ కాబ్డెన్ ఈ చర్యను ఖండిస్తూ పెట్టిన తీర్మానం 16 ఓట్ల తేడాతో నెగ్గింది. అయినా దాంతో వచ్చిన ఎన్నికల్లో ప్రధాని పామర్‌స్టనే గెలిచాడు. చైనాకు బయలుదేరిన సైన్యంలో కొంత భాగాన్ని 1857 తిరుగుబాటును అణచడానికి మన దేశానికి మళ్లించారు. 1858లో బందీగా చిక్కిన యెను కలకత్తాకు తెచ్చారు. మరుసటి ఏడాది అక్కడే కన్నుమూశాడు.