పాఠాల ఫోన్‌ను బీరువాలో పెట్టకండి

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు. తెలివైనవాడే, కానీ చదవమంటే తడబడతాడు. డిస్లెక్సియా అని తేలింది. పాఠాలు ఫోన్‌లో వినిపించమని స్పెషల్ ఎడ్యుకేటర్ చెప్పారు. మావారేమో ‘ఫోనే చదివిపెడితే ఇక వీడు చదివేదెప్పుడు?’ అంటారు. పదో తరగతి చదివే పాప ‘నాకివ్వని ఫోన్ తమ్ముడికెందుకు?’ అని అలుగుతోంది. పోయినవారం వాడు పాఠం వదిలేసి వీడియోలు చూస్తూ దొరికాడు. కోపంతో ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటినుంచి పుస్తకం ముట్టడం లేదు. నేను చేసింది తప్పా?

జవాబు: కోపం రావడం సహజమే. కానీ ఆ తాళం వీడియోలతో పాటు వాడి పాఠాలకు కూడా పడింది. మీకది మొండితనంలా కనిపిస్తోందేమో, నాకైతే భయమనిపిస్తోంది. పాఠం విని అర్థం చేసుకోవడం అలవాటైన పిల్లాణ్ణి మళ్లీ ఒక్కో అక్షరం కూడబలుక్కోమంటే జంకడా?

మీవారి సందేహాన్ని కొట్టిపారేయలేం. డిస్లెక్సియాలో చిక్కు తెలివితేటల్లో ఉండదు. అక్షరానికీ దాని ధ్వనికీ ముడి త్వరగా పడదు. మ, య పక్కపక్కన వచ్చినా, ఒత్తు మీద ఒత్తు వచ్చినా శక్తంతా వాటిని విడదీసుకోవడానికే సరిపోతుంది. వాక్యం చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో జారిపోతుంది. ఫోన్ వినిపిస్తే ఆ శ్రమ తగ్గి మనసు విషయం మీద నిలుస్తుంది. చదవడం పూర్తిగా పట్టుబడేదాకా సైన్సూ సోషలూ ఆపుకోనక్కర్లేదు కదా. అలాగని చదవడం మానిపించమనడం లేదు. స్పెషల్ ఎడ్యుకేటర్ నేర్పే అక్షరాల అభ్యాసం రోజూ కాసేపు, ఫోన్ లేకుండా, సాగాల్సిందే. మీవారు ఈ మాట వింటారో లేదో. అందుకే ఒక పని చేయండి. కొత్త పాఠంలో ఒక పేరా బాబునే చదవమని నాలుగు ప్రశ్నలు అడగండి. అంతే ఉన్న ఇంకో పేరా మీవారినే చదివి వినిపించమని, మళ్లీ నాలుగు అడగమనండి. తేడా ఆయనే వింటారు. ‘పరీక్ష’ అన్న మాట మాత్రం ఎత్తకండి, పిల్లాడు బిగుసుకుపోతాడు.

ఇక వీడియోలు. అన్నీ ఉన్న ఫోన్ చేతికిచ్చి పాఠమే వినమంటే, నిజం చెప్పండి, మనమైనా వింటామా? ఇంట్లో మూలపడ్డ పాత ఫోన్ ఉంటే ఆటలు, వీడియో యాప్‌లు తీసేసి పాఠాలకే వదిలేయండి. ఉన్నది ఒక్కటే అయితే ఆండ్రాయిడ్‌లో ‘యాప్ పిన్నింగ్’, ఐఫోన్‌లో ‘గైడెడ్ యాక్సెస్’ పెట్టి పాస్‌కోడ్ మీ దగ్గర ఉంచుకోండి. పాఠం దాటి ఇంకో యాప్‌లోకి పోలేడు. చదివి వినిపించే సదుపాయం కోసం ఏదీ కొనక్కర్లేదు. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో ఆండ్రాయిడ్‌కి ‘సెలెక్ట్ టు స్పీక్’, ఐఫోన్‌కి ‘స్పీక్ స్క్రీన్’ ఉంటాయి. వినే మాట వెంట వాడి కళ్లు కూడా నడిచేలా చూడండి. డిస్లెక్సియా కోసమంటూ ప్రచారంలో ఉన్న ప్రత్యేక ఫాంట్ల జోలికి పోకండి, వాటివల్ల మేలు జరుగుతుందని గట్టిగా రుజువు కాలేదు. అక్షరాలు పెద్దవి చేసి, మధ్య ఎడం పెంచితే నయం. జవాబులు నోటితో చెప్పి టైప్ చేయించుకోవడమూ మంచిదే. అయితే ఫోన్ తప్పు రాస్తే వాడు చూసి కనిపెట్టలేడు. రాసింది ఫోన్‌తోనే చదివించుకుని వినడం నేర్పండి.

అన్నిటికన్నా ముఖ్యం, పాఠాల ఫోన్‌ని శిక్షగా లాక్కోకండి, బహుమతిగా ఇవ్వకండి. అల్లరికి శిక్ష కావాలంటే ఆటల సమయం కోయండి.

పాప అలకను అసూయ అని తోసేయొద్దు. తమ్ముడి ఇబ్బంది ఏమిటో ఆమెకు విడమరిచి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. బాబుని అడిగి, వాడు సరేనంటే, చెప్పండి. తమ్ముడికి పాఠాలు చెప్పే పని మాత్రం ఆమె నెత్తిన పెట్టకండి. తన చదువే తనకి బరువుగా ఉండే ఏడాది.

ఈ రాత్రే బీరువా తెరవండి. ‘మళ్లీ చూశావంటే...’ అని మొదలుపెట్టకండి. పాఠాలు కూడా ఆగిపోయాయని నాకు తట్టలేదురా అని చెప్పి, ఫోన్ గొంతు ఎంత నెమ్మదిగా వినిపించాలో వాణ్ణే సెట్ చేసుకోమనండి.