వాట్సాప్‌లో ఇచ్చిన మాట చెల్లుతుందా?

ప్రశ్న: మా ఇంట్లో పాత 5.1 స్పీకర్ల సెట్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఉంది. ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగుల్లో మూడు పిన్నులు. గత నెల హైదరాబాద్‌లో డెస్క్‌టాప్ కొనేముందు ఆ పిన్నుల ఫొటో వాట్సాప్‌లో పంపి, ఇవి పనిచేస్తాయా అని షాపువాళ్లను అడిగాను. ‘పనిచేస్తాయి సార్’ అన్నారు. తీరా ఇంటికి తెచ్చాక చూస్తే హెడ్‌సెట్ పెట్టుకునే రంధ్రం ఒక్కటే ఉంది. ఆకుపచ్చ పిన్ను పెడితే ముందు రెండు స్పీకర్లే మోగుతున్నాయి. అడిగితే, ‘అమ్మిన వస్తువు వాపసు తీసుకోం’ అని బిల్లు చూపిస్తున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ కంప్యూటర్‌లో లోపం లేదు. పాత స్పీకర్లకు సరిపోలేదన్న ఒక్క కారణంతో అది లోపమున్న వస్తువు అయిపోదు. లోపం ఉందంటూ కేసు వేస్తే నిలబడటం కష్టం. మీ బలమంతా మీరు పంపిన ఫొటో, దాని కింద వచ్చిన జవాబు.

1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం, కొనేవారు తమ అవసరం ముందే చెప్పి, అమ్మేవారి అనుభవాన్ని నమ్మి కొంటే, వస్తువు ఆ అవసరానికి పనికొచ్చి తీరాలి. అయితే కంపెనీ, మోడల్ పేరు చెప్పి అదే కావాలని అడిగితే ఈ రక్షణ బలహీనపడుతుంది. కాబట్టి మోడల్ ఎవరు ఎంచారో ఆ మెసేజ్‌లు మళ్లీ చదివి చూసుకోండి. మీరే ఎంచుకున్నా దారి మూసుకుపోలేదు. వస్తువు ఉపయోగం గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార విధానం. బిల్లు మీద అచ్చేసిన ఆ వాక్యం ఈ హక్కును తీసేయలేదు.

ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి బిల్లుతో కలిపి పెట్టుకోండి.

తర్వాత షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కంప్యూటర్ వాపసు తీసుకోవాలి, లేదా వాళ్ల ఖర్చుతో 5.1 యూఎస్‌బీ సౌండ్ కార్డు (కంప్యూటర్‌కు బయట తగిలించి, స్పీకర్ల పిన్నులు పెట్టుకునే పరికరం) ఇవ్వాలి అని అడగండి. నా సలహా రెండోదే, పని త్వరగా తెములుతుంది. దాని బదులు తక్కువ ధరలో దొరికే చిన్న డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే ముక్క) ఇస్తామంటే ఒప్పుకోకండి. వాటిలో చాలావాటితో మళ్లీ ఆ రెండు స్పీకర్లే మోగుతాయి. మీ మూడు పిన్నులూ పట్టేదే కావాలని నోటీసులో రాయండి.

స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. షాపు హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఉండే ఖమ్మంలోనే వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఈలోగా బయట మెకానిక్‌తో కేబినెట్ మాత్రం విప్పించకండి. మీరే పాడుచేశారనే సాకు వాళ్లకు దొరుకుతుంది.